ఆర్కే బీచ్‌లో మనం కట్టిన ఫ్లెక్సీ గురించి

డిసెంబరు సేవా కార్యక్రమాల్లో భాగంగా విశాఖ ఆర్కే బీచ్‌లో అమెరికాలోని మన తెలుగు సంఘం చేసిన క్లీనింగ్ ఫొటోలు ఈపాటికి మీరంతా వాట్సాప్ గ్రూపుల్లో చూసే ఉంటారు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నీలం టీషర్టులు వేసుకుని, చేతులకి గ్లౌజులు తొడుక్కుని నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఫొటోలో కనిపించని ఒక మనిషి గురించీ, వెనకాల కట్టిన ఫ్లెక్సీ గురించీ నాలుగు మాటలు రాయాలి. ఇది చదివి కమిటీలో కొందరికి కోపం వస్తుందని తెలుసు, వాళ్లలో నాకు బాగా దగ్గరివాళ్లూ ఉన్నారు. అయినా మనలో మనం మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

ఆ రోజు ఏడింటికన్న కార్యక్రమం ఎనిమిదిన్నరకి మొదలైంది. ఫ్లెక్సీ పెద్దది, రెయిలింగుకి ఇనప తీగతో కట్టారు. పైన ప్రెసిడెంటు గారి దగ్గర్నుంచి రీజినల్ కోఆర్డినేటర్ల దాకా ఫొటోలు, కింద డోనర్ల పేర్లు, మధ్యలో 17 రంగుల గళ్లలో ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు. పేదరికం లేకపోవడం, ఆకలి లేకపోవడం, ఆరోగ్యం, చదువు, శుభ్రమైన నీరు, మర్యాదైన పని, నీటిలోని జీవం, ఇలా అన్నీ తెలుగులో, చక్కగా. మేం ఎత్తడానికి పెద్దగా చెత్తే లేదు, ఎందుకంటే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పారిశుధ్య కార్మికులు తెల్లవారకముందే అక్కడంతా ఊడ్చేశారు. గ్రూప్ ఫొటో తీసేటప్పుడు ఒక కార్మికురాలు చీపురుతో ఫ్రేములోకి వస్తోందని ఫొటోగ్రాఫర్ "అమ్మా, కాస్త పక్కకి జరగండి" అన్నాడు. ఆవిడ జరిగి, పిట్టగోడ మీద కూర్చుంది.

ఫొటో అయ్యాక టిఫిన్లు. ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ ప్లేట్లలో ఇడ్లీ, చట్నీ చిన్న చిన్న కవర్లలో ముడేసి ఇచ్చారు, ఆ ముడి చేత్తో విప్పడం రాక అందరం పళ్లతో కొరికి చింపాం. తలా ఒక చిన్న నీళ్ల సీసా, సగం తాగి పక్కన పెట్టినవే ఎక్కువ. అమెరికా నుంచి తెచ్చిన టీషర్టులు ఒక్కోటి ఒక్కో కవర్లో వచ్చాయి కదా, ఆ కవర్లన్నీ గాలికి ఇసక మీద దొర్లుతున్నాయి. నేను పిట్టగోడ దగ్గరికెళ్లి "మీరూ వచ్చి టిఫిన్ తినండమ్మా" అన్నాను. "ఇందాకే టీ తాగేనమ్మా. మీరెల్లిపోనాక ఇదంతా ఎత్తాల గదా, అందుకే కూకున్నాను" అంది. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్న మాట చెప్పింది అంతే. కాసేపాగి ఫ్లెక్సీ వైపు చూపించి, "పని అయిపోనాక అది మాకిచ్చేస్తారేటి? కొండమీద ఇల్లు, కారిపోతంది, పైన కప్పుకుంటాం" అని అడిగింది.

నేను వెళ్లి కార్యక్రమం చూసుకుంటున్న తమ్ముడిని అడిగాను. అతను మంచివాడు, వారం నుంచి నిద్రలేకుండా తిరుగుతున్నాడు. "అక్కా, దాని మీద డోనర్ల పేర్లున్నాయి, రేపు భీమిలిలో మళ్లీ కట్టాలి" అన్నాడు. విప్పి, చుట్టి, కారు డిక్కీలో పెట్టుకున్నారు. ఆవిడ సరేలెమ్మా అని లేచి ఊడ్చడం మొదలుపెట్టింది.

నాకు అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

ఆ ఫ్లెక్సీ మీద మొదటి గడి పేదరికం గురించి. పదకొండో గడి నగరాల గురించి, అందులో మొట్టమొదట చెప్పింది అందరికీ తగిన, భద్రమైన ఇల్లు ఉండాలని. ఎనిమిదో లక్ష్యంలో పనిచేసేవాళ్ల హక్కులు, పనిచేసే చోట భద్రత గురించి విడిగా ఒక అంశమే ఉంది. ఇవి మనం సరదాగా రాసుకున్న నినాదాలు కావు. 2015 సెప్టెంబర్ 25న న్యూయార్క్‌లో 193 సభ్య దేశాలూ ఒప్పుకున్నవి. 17 లక్ష్యాలు, వాటి కింద 169 టార్గెట్లు, గడువు 2030. 2024లో ఐక్యరాజ్యసమితి తన నివేదికలో తనే చెప్పుకుంది, ఈ టార్గెట్లలో సరిగ్గా దారిలో నడుస్తున్నవి 17 శాతం మాత్రమేనని. అన్నిటికీ గడువు 2030 అని కూడా కాదు. పద్నాలుగో లక్ష్యంలో, అంటే ఆ రోజు మనం బీచ్‌లో నిలబడి మాట్లాడిన లక్ష్యంలోనే, సముద్రంలోకి చేరే కాలుష్యాన్ని బాగా తగ్గించాలన్న టార్గెట్‌కి 2025 అని రాసుకున్నారు. ఆ ఏడాది అయిపోయింది. వేదిక మీద మాట్లాడినవాళ్లెవరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇంకో సంగతి. 2022 జులై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని నిషేధించారు. అందులో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలతో పాటు 100 మైక్రాన్ల కంటే పలచనైన పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. ఆ ఏడాదే ఆగస్టు 26న విశాఖ తీరంలో, భీమిలి దాకా, వేలమంది కలిసి చెత్త ఎత్తారు, డెబ్బై టన్నులకు పైగా ప్లాస్టిక్ పోగైంది. రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు వద్దని ప్రభుత్వం ప్రకటించింది కూడా ఆ రోజే, ఈ విశాఖలోనే. తర్వాత ఆ నిషేధం ఎంతవరకు అమలైందో జగదాంబ జంక్షన్‌లో నిలబడి నాలుగు దిక్కులా చూస్తే మీకే తెలుస్తుంది. కానీ ఆ ప్రకటన వచ్చిన ఊళ్లో, సముద్రం ఎదురుగా, సముద్రాన్ని కాపాడండి అని ఫ్లెక్సీ కట్టే ముందు మనలో ఒక్కరికైనా అనుమానం రాకపోవడం నన్ను బాధపెట్టింది.

ఆ రోజు వచ్చిన అతిథి ఒకాయన "మన పెద్దలు ప్రకృతితో కలిసి బతికారు, ఈ లక్ష్యాలన్నీ మన సంస్కృతిలో ఎప్పుడో ఉన్నాయి" అన్నారు, చప్పట్లు కొట్టాం. ఈ మాట మన మీటింగుల్లో చాలాసార్లు వింటుంటాను. ఇందులో సగమే నిజం అని నా అభిప్రాయం, ఎందుకంటే నేను అల్లిపురంలో మా అమ్మమ్మ ఇంట్లో పెరిగాను.

మా అమ్మమ్మ కిరాణా పొట్లాలకి కట్టిన పురికొస కూడా పారేసేది కాదు. విప్పి, ముడులు లేకుండా సవరించి, ఉండలా చుట్టేది. ఆ ఉండ వంటింటి గూట్లో ఉప్పు జాడీ పక్కన ఉండేది, మల్లెపూలు కట్టాలన్నా, పుస్తకానికి అట్ట కుట్టాలన్నా, పాదుకి పందిరి వెయ్యాలన్నా అందులోంచే. పొట్లం కాగితం మడిచి పరుపు కింద పెట్టేది. పాత చీరలు నాలుగు కలిపి బొంత కుట్టేది, బొంతకి కూడా పనికిరానివి వీధిలోకి వచ్చే స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నె తీసుకునేది, ఆ బేరం చూడ్డానికి పక్కింటివాళ్లు కూడా వచ్చేవారు. కుళాయి రోజూ వచ్చేది కాదు, వచ్చిన గంటలో పట్టుకున్నదే. బియ్యం కడిగిన నీళ్లు గేదెకి, స్నానం చేసిన నీళ్లు అరటిచెట్టుకి. నాకు ఇప్పటికీ ఒహాయోలో కుళాయి వదిలేసి ఎవరైనా పళ్లు తోముకుంటుంటే లోపల ఏదో అయిపోతుంది. ఆ పెంపకం నాకు దొరికిన ఆస్తి.

అదే అమ్మమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎంగిలి విస్తళ్లన్నీ ఎత్తి పెరటి గోడ మీంచి అవతలికి గిరాటేసేది. గోడ అవతల గెడ్డ, అంటే వాన నీళ్లు పారే కాలువ. పగిలిన గాజుసీసా, కుళ్లిన కూరగాయ, చచ్చిన ఎలక, అన్నీ గెడ్డలోకే. అది పక్కవాళ్లకి అడ్డమనీ, కింద ఎవరో ఉంటారనీ మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. మన గడప లోపల అద్దంలా ఉంచుకోవడం, గడప బయట మనది కాదనుకోవడం, ఇదీ మన పెంపకంలో ఉన్నదే. తేడా అంతా పారేసిన వస్తువులో ఉంది. అడ్డాకు విస్తరి వానాకాలం దాటేసరికి మట్టిలో కలిసిపోయేది. ఇప్పుడు అదే చెయ్యి, అదే విసురు, అదే గెడ్డ, అందులో పడేది మాత్రం చట్నీ కవరు. అందుకే సంస్కృతిలో అన్నీ ఉన్నాయని చెప్పుకుని తృప్తిపడొద్దని అంటున్నాను. పురికొస ఉండని దాచుకుందాం. గోడ మీంచి విసిరే అలవాటుని మాత్రం మన తరంతో ఆపేద్దాం.

బీచ్‌లో కనిపించే చెత్త అంతా బీచ్‌కి వచ్చినవాళ్లు వేసింది కాదని విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరు కొండల మధ్య ఉంది, వాన పడితే కొండవాలు నీళ్లన్నీ గెడ్డల్లోకి దిగుతాయి, గెడ్డలు కొన్ని హార్బరులోకీ కొన్ని నేరుగా సముద్రంలోకీ కలుస్తాయి. పెద్ద వాన పడిన మర్నాడు గెడ్డ సముద్రంలో కలిసే చోటికి వెళ్లి చూడండి. నల్లటి నీళ్లు, వాటి మీద తేలుతూ పాల ప్యాకెట్లు, గుట్కా రేకులు, చెప్పులు, కొబ్బరి బోండాలు, డైపర్లు. ఇసక మీద గంటసేపు వంగి ఎత్తితే ఇది ఆగదు. ఆగాలంటే ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, మధురవాడలో వంటింట్లోనే తడి చెత్త, పొడి చెత్త విడిపోవాలి. ఆ మధురవాడ ఫ్లాట్లలో ఎన్ని మనవో మనకి తెలుసు.

ఈ ఫ్లాట్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను. మా వదిన ఉండే అపార్ట్‌మెంటులో ఓనర్లు సగం మంది విదేశాల్లోనే ఉన్నారు. కింద ఇంకుడు గుంత తవ్వాలని, తడి చెత్తని అక్కడే ఎరువు చేసే డ్రమ్ములు పెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. మీటింగు పెడితే కోరం లేదు. ఫోన్లు చేస్తే "మేం అక్కడ ఉండట్లేదు కదండీ, మాకెందుకు ఖర్చు" అంటారు. బోరు మాత్రం ఏటా ఇంకాస్త లోతుకి దిగుతోంది. ఇది విన్నాక నాకనిపించింది, బీచ్‌కి వచ్చిన టీషర్టులవాళ్లలో విశాఖలో ఫ్లాటున్న ప్రతి ఒక్కరూ తమ అపార్ట్‌మెంటు మీటింగుకి జూమ్‌లో వచ్చి ఒక ఓటు వేసి, తమ వాటా డబ్బు పంపితే ఆరో లక్ష్యానికీ పదకొండో లక్ష్యానికీ ఆ రోజు మేం చేసిన దానికంటే ఎక్కువ చేసినట్టే. ఫొటో రాదు. గుంతలోకి నీళ్లు మాత్రం దిగుతాయి.

ఇదే మాట మా వదినతో అంటే ఆవిడ ఇంకో మాట అంది. "ఏమీ అనుకోకు, మీరు అక్కడ ఎండాకాలమంతా ఏసీ ఆపరు, బట్టలు మెషీన్లో ఆరబెడతారు, పాలకి కూడా కారు తియ్యాలి. మేం డాబా మీద తీగకి ఆరేసుకునేవాళ్లం. మాకు మీరొచ్చి నేర్పడమేంటి?" వదిన మాటలో న్యాయం ఉంది. సగటున ఒక అమెరికావాసి లెక్కలో ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఉంటే, మన దేశంలో మనిషికి 2 టన్నుల దగ్గర ఉంటుంది. వాతావరణం గురించిన పదమూడో లక్ష్యం ముందు మన ఇళ్లలో మొదలవ్వాల్సింది, తర్వాతే విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊరు ఒక్క రోజులో ఎంత పచ్చదనం పోగొట్టుకుందో తెలిసినవాళ్లం, వేడెక్కే సముద్రం మీద తుఫానులు ఇంకా బలపడతాయని శాస్త్రవేత్తలు చెప్తుంటే వినకుండా ఎలా ఉంటాం?

సంఘం చేసిన మంచిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. హుద్‌హుద్ తర్వాత డబ్బు పోగుచేసి పంపినవాళ్లు, 2021లో ఊపిరి అందక మనవాళ్లు అల్లాడుతుంటే రాత్రింబవళ్లు ఫోన్ల మీద కూర్చుని ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు పంపినవాళ్లు మనలోనే ఉన్నారు. ఏటా కంటి శిబిరాలు, బడి పిల్లలకి సైకిళ్లు. సైకిలు వచ్చాక హైస్కూలు మానకుండా వెళ్లిన ఆడపిల్లలు నాకు తెలుసు. సెలవులు ఖర్చుపెట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి చేస్తున్నారు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. "ఏదో ఒకటి చేస్తున్నాం కదక్కా, అదీ మానెయ్యమంటావా" అని తమ్ముడు అడిగాడు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అమెరికాలో పుట్టిన పిల్లలు ఆర్కే బీచ్ ఇసకలో చేతులు పెట్టడం కూడా ఒక లాభమే, దాన్ని నేను కాదనను. మానెయ్యమని అనట్లేదు. మన పని ఎవరి మీద పడుతుందో చూసుకుని చెయ్యమంటున్నాను.

మన కన్వెన్షన్ బాంక్వెట్ తలుచుకోండి. రాత్రి పదకొండింటికి ట్రేలకి ట్రేలు బిర్యానీ, గారెలు, బొబ్బట్లు నల్ల సంచుల్లోకి వెళ్తుంటే తలుపు దగ్గర నిలబడి చూసినవాళ్లకి తెలుసు. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయ్యిందని, అందులో 60 శాతం ఇళ్లలోనే అని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క చెప్పింది. 2030కి దీన్ని సగానికి తగ్గించాలన్నది పన్నెండో లక్ష్యం కింద ఉంది. రిజిస్ట్రేషన్ అప్పుడే ఏ పూట తింటారో కచ్చితంగా అడిగి వండిస్తే చాలావరకు తగ్గుతుంది. సిగ్గుపడి నాలుగు ఐటమ్స్ తక్కువ పెట్టలేకపోవడం మన జబ్బు, అతిథికి తక్కువైందని ఎవరైనా అంటారేమోనన్న భయం.

సింహాచలం గిరి ప్రదక్షిణలో కూడా ఇదే చూస్తాను. ఆషాఢ పౌర్ణమి ముందు లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు, దారి పొడుగునా ముక్కూముఖం తెలియనివాళ్లు మజ్జిగ, పులిహోర, నీళ్లు పిలిచి ఇస్తారు. అంత ప్రేమగా పిలిచి పెట్టే మనుషులు ఇంకెక్కడా ఉండరనిపిస్తుంది. తెల్లారేసరికి రోడ్డంతా గ్లాసులు, వాటిని ఎత్తేదీ ఆ పారిశుధ్య కార్మికులే. నడిచేవాళ్లు ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుంటే ఆ ప్రేమలో ఏమీ తగ్గదు.

2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా మున్సిపల్ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు, రెండు వారాలు దాటింది. సెలవులకి ఇంటికెళ్లినవాళ్లు ఆ గుట్టలు చూసే ఉంటారు. అప్పుడు మన గ్రూపుల్లో "ఊరు కంపు కొట్టేస్తోంది" అన్న మెసేజీలే వచ్చాయి కానీ, వాళ్లు ఏం అడుగుతున్నారని ఎవరూ రాయలేదు. ఉద్యోగ భద్రత అడిగారు, జీతం అడిగారు. ఎనిమిదో లక్ష్యం అంటే అదే.

అందుకని సంఘం ఈసీకీ (కార్యవర్గానికీ), బోర్డుకీ నా విన్నపం ఇది. వచ్చే డిసెంబరు విశాఖ కార్యక్రమానికి ఫ్లెక్సీ వద్దు. గుడ్డ మీద చేత్తో రాసే ఆర్టిస్టులు ఇంకా ఉన్నారు, ఫ్లెక్సీలు వచ్చాక వాళ్లకి పని పోయింది, వాళ్లతో ఒకే ఒక బ్యానర్ రాయించండి. సంవత్సరం వెయ్యకుండా రాయిస్తే ఏటా అదే కట్టుకోవచ్చు. డోనర్ల పేర్లు ఈ పత్రికలో వేసుకుందాం. భోజనాలకి అడ్డాకు విస్తళ్లు వాడండి. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో గిరిజన ఆడవాళ్లు అడవిలో ఆకు కోసుకొచ్చి పుల్లలతో కుడతారు. నేను మొన్న పూర్ణా మార్కెట్‌లో అడిగితే దొరికాయి, కొట్టతను "ఇప్పుడెవరు అడుగుతున్నారండీ ఇవి" అంటూ లోపల్నుంచి కట్ట తీశాడు, దుమ్ము దులిపి ఇచ్చాడు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, ప్రధాన కార్యాలయం విశాఖలోనే. మనం సూట్‌కేసుల్లో తెచ్చుకునే అరకు కాఫీ, తేనె వాళ్లవే. విస్తళ్లు పెద్ద ఎత్తున కావాలంటే ఎలా తెప్పించాలో వాళ్లని అడిగితే సరి. నీళ్లకి డ్రమ్ము, స్టీలు గ్లాసులు. కడగడానికి ఇద్దరికి కూలి ఇద్దాం.

అసలు విన్నపం మాత్రం డబ్బు గురించి. ఆ ఒక్క రోజుకి టీషర్టులు, సీసాలు, ఫ్లెక్సీలు, వీడియోగ్రాఫర్, స్టేజీ మీద శాలువాలు, ఇన్నిటికి అయ్యే ఖర్చుని ఒకే ఒక వార్డుకి ఏడాది పొడుగునా పెట్టి చూడండి. ముందు అక్కడ ఊడ్చేవాళ్లని కూర్చోబెట్టి, వాళ్లకేం కావాలో అడగండి. మనం ఊహించి కొనొద్దు. బూట్లు అయితే పాదాల కొలతలు తీసుకుని కొనాలి, ఆడవాళ్లకి మగవాళ్ల సైజులు ఇస్తే వేసుకోరు. గ్లౌజులు ఒకసారి ఇస్తే చాలవు, నెలనెలా అరిగిపోతాయి. బీట్ మధ్యలో వెళ్లడానికి ఒక టాయిలెట్, చీపురు పక్కన పెట్టి అన్నం తినడానికి కాస్త నీడ, ఇవి లేక వాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా పనిచేస్తారు. కురుస్తున్న ఇళ్లు ఎవరివో వాళ్లే చెప్తారు, నాలుగు రేకులు కొనిపెట్టడం మనకి పెద్ద విషయం కాదు.

ఈ ప్రతిపాదన రాతపూర్వకంగా ఈసీకి పంపాను, వచ్చే మీటింగు అజెండాలో పెట్టమని అడిగాను. లైఫ్ మెంబర్ల నుంచి ఉత్తరాలు వస్తే బోర్డుకి పక్కన పెట్టడం కుదరదు, కాబట్టి మీ చాప్టర్ నుంచి మీరూ రాయండి. ఏ వార్డుతో మొదలుపెట్టాలో మీకు ఆలోచన ఉంటే అదీ రాయండి. అల్లిపురం అంటే నాకు సంతోషం, కాకపోయినా ఫర్వాలేదు. విశాఖలో ఫ్లాటున్నవాళ్లు ఈ వారమే మీ అపార్ట్‌మెంటు సెక్రటరీకి ఫోన్ చేసి ఇంకుడు గుంతకి మీ వాటా ఎంతో కనుక్కోండి.